గుంటూరు సైడ్ అన్నాను

నేను మోస్తున్నది ఒక చిన్న మాట. తెలంగాణ రాష్ట్రం రాకముందు, ఒక బంద్ రోజున అన్నాను. ఆ తర్వాత రాష్ట్రం వచ్చింది, మెట్రో వచ్చింది, నా జుట్టు నెరిసింది. ఆ మాట మాత్రం లోపలికి దిగలేదు, బయటికీ పూర్తిగా రాలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

ఎల్బీనగర్ నుంచి నాగోలు పోయే దారిలో నేనూ ప్రసాదూ కలిసి కార్లకు పాలిష్ చేసే షాపు నడిపేవాళ్లం. నాది పోచంపల్లి వైపు, మా నాయన మగ్గం నేసేవాడు. ప్రసాద్‌ది తెనాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే కార్ల సామాన్ల దుకాణంలో పని చేస్తూ స్నేహితులమయ్యాం. తర్వాత బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నాం. అతను బడంగ్‌పేట్‌లో కిరాయికి ఉండేవాడు. అతని భార్య సుజాత నన్ను అన్నయ్య అని పిలిచేది. వాళ్లకు ఒక పాప. అప్పుడు ఒకటో తరగతో, రెండో తరగతో. ఆ పిల్ల పేరు ఇక్కడ రాయను.

కస్టమర్లతో మాట్లాడటం, బండి కడగటం అతని పని. ఏ బండికి ఏది పెట్టాలో తేల్చటం నా పని. అది నా గర్వం కూడా. కొత్త బండికి ఉత్త వ్యాక్స్ చాలు. రంగు మీద సన్నటి పొరలా నిలిచి ఎండనూ దుమ్మునూ ఆపుతుంది. మసకబారిన బండికి ముందు పాలిష్ కొట్టి తర్వాత వ్యాక్స్ పెట్టాలి. గీతలు పడితే కాంపౌండ్. అది గరుకు ముద్ద. గీతను పూడ్చదు, చుట్టూ ఉన్న రంగును అరగదీసి గీత కనపడకుండా చేస్తుంది. కంపెనీలో వేసిన రంగు దాన్ని తట్టుకుంటుంది. బయట షెడ్డులో మళ్లీ వేయించిన పల్చటి రంగు తట్టుకోదు. అలాంటి బండికి చేత్తో వ్యాక్స్ రాసి, గీతలు ఉంటే ఉండనీ అని వదిలేయాలి. ఈ సంగతి ఎంతమంది కస్టమర్లకు చెప్పానో.

ఉద్యమం రోజులవి. నేనూ టెంట్లలో కూర్చున్నాను, ర్యాలీల్లో నడిచాను. అది నాటకం కాదు. రాష్ట్రం కావాలని మనసారా కోరుకున్నాను. ప్రసాద్‌కు ఆ సంగతి తెలుసు. "మీ రాష్ట్రం మీకొచ్చాక నాకు వీసా ఇప్పిస్తావా అన్నా?" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ని. ఉద్యమాన్ని నేను తప్పు పట్టటం లేదు. నేను చేసిన పనిని దాని మీదికి నెట్టి చాలా ఏళ్లు బతికాను. అది కూడా ఒప్పుకోవాలి కదా.

ఆ రోజు పొద్దున మా కాలనీ నాయకుడు తన నల్ల కారు తెచ్చి వదిలాడు. మరీ పెద్ద నాయకుడేం కాదు. అందరం అన్నా అని పిలిచే మనిషి. మధ్యాహ్నం సభకు ఎవరో పెద్దలను అందులో తీసుకురావాలట. ర్యాలీల్లో జెండా కర్రలు తగిలి బానెట్ నిండా గీతలు పడ్డాయి.

"అద్దం లెక్క మెరవాలె తమ్మీ" అని నా భుజం తట్టాడు. పక్కనే నిలబడ్డ ప్రసాద్ వైపు చూడలేదు. అది నేను గమనించాను. నచ్చింది కూడా. 

ప్రసాద్ బండి కడిగి, తుడుస్తూ తుడుస్తూ ఆగాడు.

"అన్నా, ఈ బానెట్ రంగు డోర్లతో కలవట్లేదు. మళ్లీ వేయించారేమో. ఆయనకోసారి ఫోన్ చేసి అడుగుదామా?"

"నాకే నేర్పుతున్నవా? నువ్వు పో, పాపను తీస్కరాపో. మధ్యాహ్నం సంది బంద్ అని స్కూల్ జల్ది ఇడుస్తున్నరంట."

అతను వెళ్లాడు. అతను చెప్పింది నిజమని నాకూ తెలుస్తూనే ఉంది. కానీ వ్యాక్స్ రాసి వదిలేస్తే గీతలు అలాగే ఉంటాయి. అన్న ఏమనుకుంటాడు? ఇంత మాత్రానికి వీడెందుకు అనుకోడూ? కాంపౌండ్ డబ్బా మూత తీశాను. మెషిన్ పెట్టాను. మొదట బ్రహ్మాండంగా వచ్చింది. నా ముఖం అందులో కనపడింది. తర్వాత బానెట్ మధ్య ఎత్తుగా ఉండే చోట నలుపు పోయి, కిందున్న బూడిదరంగు పూత తేలింది. అరచేయంత మేర. చిన్న గీతలు కప్పటానికి నల్ల వ్యాక్స్ ఒకటి ఉండేది. దాన్ని పూశాను. దాని మీద మళ్లీ పూశాను.

అన్న వచ్చాడు. వెంట కొందరు కుర్రాళ్లు. అనుమానంగా చూసి వేలితో రాశాడు. నలుపు వేలికి అంటింది. బూడిదరంగు బయటపడింది.

"గిదేంది? ఎవడు చేసిండు?"

నేనే అనొచ్చు. తిట్టేవాడు. మహా అయితే ఒకటి కొట్టేవాడు.

"ప్రసాద్ చేసిండన్నా. నేను లేను. నేనుంటే గిట్ల కానిస్తనా?"

ఒక కుర్రాడు ముందుకొచ్చాడు. "వాడు ఎక్కడోడు?"

"గుంటూరు సైడ్" అన్నాను.

బడంగ్‌పేట్ అని చెప్పొచ్చు. అది కూడా నిజమే. అతనుండేది అక్కడే. కానీ ఆ కుర్రాడికి ఏ ఊరి పేరు కావాలో నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. భయంతో అన్నానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఉత్త భయమే అయితే మొదటి అబద్ధం దగ్గర ఆగిపోయేవాణ్ని కదా? ఆ రెండో మాట అన్నప్పుడు లోపల ఎక్కడో చిన్న సంతోషం కలిగింది. వాళ్లంతా ఒకటి, అందులో నేనొకణ్ని, ప్రసాద్ కాదు. ఆ సంతోషం గురించే నేను ఎవరికీ చెప్పలేకపోయింది.

"కావాల్ననే చేసిండన్నా" అన్నాడా కుర్రాడు.

"పోనియ్‌రి. మీటింగ్‌కు లేటైతుంది" అని అన్న వేరే బండెక్కి వెళ్లిపోయాడు. కుర్రాళ్లు వెళ్లలేదు.

ప్రసాద్ పాపను స్కూటర్ ముందు నిలబెట్టుకుని వచ్చాడు. దిగీ దిగకముందే కాలర్ పట్టుకున్నారు. పాప బెదిరి నా దగ్గరికి పరుగెత్తింది. చూడకుండా ఆ పిల్ల ముఖాన్ని నా పొట్టకు అదుముకున్నాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే అని చాలాకాలం అనుకున్నాను. చెవులు మూయలేదు.

"ఆ బండికి నేనేం చేయలేదండీ! కడిగానంతే. అన్నా, నువ్వు చెప్పు. నువ్వు చెప్పన్నా!"

"నాకేం తెల్వదు. నేను లేను."

ప్రసాద్ నా వైపు చూశాడు. మెషిన్ అక్కడే ఉంది, నా చేతులకు నల్ల వ్యాక్స్ ఉంది. వీడే చేశాడు, చేతులు చూడండి అంటే సరిపోయేది. అనలేదు. నోరు మూసుకున్నాడు. ఎందుకు మూసుకున్నాడు? నా పొట్టను పట్టుకుని ఉన్న తన కూతుర్ని చూసా? నన్ను చూసా? ఇప్పటికీ నాకు తెలియదు. వాళ్లు తోశారు. తల వెళ్లి షట్టర్ అంచుకు కొట్టుకుంది. చెవిలోంచి రక్తం కారటం చూసి కుర్రాళ్లు పారిపోయారు.

నేనే ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాను. సుజాత ఏడుస్తూ వచ్చింది. లోపలికి వెళ్లి భర్తతో మాట్లాడి, బయటికొచ్చి నా చేతులు పట్టుకుంది.

"మీరు లేకపోవటమే మంచిదయింది అన్నయ్యా. ఉంటే అడ్డం వెళ్లేవారు, మిమ్మల్నీ కొట్టేవాళ్లు. ఆయన చెప్పారు, వాళ్లు పారిపోయాకే మీరు వచ్చారట కదా."

పాప బల్ల మీద కూర్చుని నన్నే చూస్తోంది.

ప్రసాద్ కేసు పెట్టలేదు. మళ్లీ షాపుకూ రాలేదు. ఊరెళ్లిపోతున్నామని కబురొస్తే, ఎలాగైనా చెప్పేయాలని బడంగ్‌పేట్ వెళ్లాను. సామాన్లు వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నారు. 

"ప్రసాదూ, ఆ రోజు..." అన్నాను.

అతను తల తిప్పి కుడి చెవి నా వైపు పెట్టాడు. "ఇటు పక్క చెప్పన్నా. ఎడమ చెవి పోయింది."

ఎదురుగా అతని కుడి చెవి. వినటానికి సిద్ధంగా ఉంది. "పాప పైలం, జాగ్రత్త" అన్నాను. అతను తలూపాడు.

రాష్ట్రం వచ్చిన రోజు మా కాలనీలో అందరికీ మిఠాయి పంచాను. షాపు బాగా నడిచింది. మనోడి షాపని దూరం నుంచి కూడా వచ్చేవాళ్లు. ప్రసాద్‌కు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. కిందటేడు అతను గుండెపోటుతో పోయాడని దిల్‌సుఖ్‌నగర్‌లో పాత దుకాణం మనిషి చెబితే తెలిసింది. అప్పుడు వెళ్లాను తెనాలికి. బతికి ఉండగా వెళ్లలేదు, గమనించండి.

సుజాత అన్నం పెట్టింది. పక్కింటావిడ వస్తే, "ఆ రోజు మా ఆయన్ని ఆస్పత్రికి మోసుకెళ్లి బతికించింది ఈ అన్నయ్యే" అని చూపించింది. తల వంచుకుని తిన్నాను. మారు కూడా వడ్డించుకున్నాను, వద్దంటే ఏమైందని అడుగుతుందని.

నన్ను బస్టాండ్‌లో దింపటానికి వాళ్లమ్మాయి వచ్చింది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. బండి దిగి, అక్కడ నిలబడే, ఆ సంతోషం సంగతి తప్ప జరిగిందంతా చెప్పేశాను. 

"నాకు తెలుసు" అంది. "మీరక్కడే ఉన్నారు కదా అని నాన్ననొకసారి అడిగాను. నువ్వు చిన్నపిల్లవి, నీకు గుర్తులేదు అన్నారు. మళ్లీ అడగలేదు."

"పదమ్మా, ఇంటికి పోదాం. మీ అమ్మకు కూడా చెప్త."

"వద్దు." గొంతు పెంచలేదు. "హైదరాబాద్ అంటే అమ్మకు మంచిగా గుర్తున్నది మీరొక్కరే. అది కూడా తీసేయకండి. మీ మనసు తేలిక చేసుకోవటానికి మా అమ్మే దొరికిందా? చెప్పుకోవాలంటే ఇంకెవరికైనా చెప్పుకోండి."

క్షమించానని అనలేదు. నేను అడగలేదు. బస్సు వచ్చేదాకా ఆగలేదు, బండి తిప్పుకుని వెళ్లిపోయింది.

అందుకే మీకు రాస్తున్నాను. ఆ బండి పాడు చేసింది నేను. ప్రసాద్‌ను పట్టిచ్చింది నేను. అతన్ని కొడుతుంటే చూస్తూ నిలబడ్డది నేను. ఈ వాక్యాలను నాలో నేను కూడా ఎప్పుడూ ఇంత వరసగా అనుకోలేదు. ఇప్పుడు రాశాక ఊపిరి కొంచెం సాఫీగా ఆడుతోంది. అంతకు మించి ఏమీ ఆశించటం లేదు.