పలకమ్మ అడిగిన ఒక్క ప్రశ్న

మా అత్తను వీధి వీధంతా పలకమ్మ అంటుంది. అసలు పేరుతో పిలిస్తే వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూస్తుంది ఆవిడ.

ఆడవాళ్ళ బట్టలు కుట్టడం అత్త పని. అందరు దర్జీల్లాగా కొలతలు పుస్తకంలో రాసుకోదు. చెక్క చట్రం ఉన్న బడిపలక మీద బలపంతో రాస్తుంది. కుట్టడం అయి, మనిషి తొడుక్కుని అద్దంలో చూసుకున్నాక, ఆ మనిషి ఎదుటే తడిగుడ్డతో పలక తుడిచేస్తుంది. మళ్ళీ వస్తే మళ్ళీ టేపు తీస్తుంది. "ఇరవై ఏళ్ళుగా వస్తున్నాను, ఇంకా కొలతలేంటి?" అని విసుక్కునేవాళ్ళకు ఒకటే జవాబు. "ఒళ్ళు మారుతుందమ్మా. మారకపోయినా సరే, నీ కొలతలు నా దగ్గర పడుండకూడదు."

ఈ పట్టుదల ఊరికే రాలేదు. వయసులో ఉన్నప్పుడు అత్త ఒక పెద్ద బట్టల దుకాణం వెనక గదిలో కుట్టేది. అక్కడి మాస్టరు కొలతల పుస్తకం బల్ల మీద పడేసి ఉంచేవాడు. పనీపాటా లేని మగవాళ్ళు పేజీలు తిప్పి, ఫలానా ఇంటావిడ నడుమెంత, ఫలానా టీచరమ్మ ఛాతీ ఎంత అని పైకి చదివి ఇకిలించేవారు. ఒకరోజు అత్త ఆ పుస్తకం లాక్కుని ఇస్త్రీ బొగ్గుల కుంపటిలో పడేసింది. పూర్తిగా కాలేదాకా అక్కడే నిలబడి, తర్వాత చెప్పులేసుకుని బయటికొచ్చేసింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

నేను ఆవిడ మేనకోడల్ని. మా ఆయన పోయిన ఏడాది నుంచి ఆవిడ దగ్గరే ఉంటున్నాను. పదకొండేళ్ళయింది. రెండో అంతస్తులో మా వాటా. కింద, సగం నేలలోకి దిగిన గదిలో మా షాపు. పొడుగాటి కిటికీలోంచి మనుషులు కనపడరు, వాళ్ళ చెప్పులు కనపడతాయి. చెప్పుల్ని బట్టి ఎవరొస్తున్నారో అత్త ఇట్టే చెప్పేస్తుంది. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, మూలన నీలం తెర, తెర వెనక నిలువుటద్దం. గుండీలూ అంచులూ నా వంతు. కత్తెర మాత్రం నన్ను ముట్టుకోనివ్వదు.

భవనం ఓనరు పై అంతస్తులో ఉంటాడు. ఆయన భార్యను మెట్ల మీద చూడటమే గానీ షాపులో ఎన్నడూ చూడలేదు. ఆవిడ బట్టలు కూడా ఆయనే కొనుక్కొస్తాడు. అద్దెతో పాటు అందరికీ ఇంటర్నెట్ ఆయనే ఇస్తాడు. ఆ పెట్టె మెట్ల కింద అల్మరాలో ఉంటుంది, తాళంచెవి ఆయన మొలతాడుకుంటుంది. ఎంత ధర్మాత్ముడో అనుకున్నాం.

ఆ ధర్మం సంగతి టైపు టీచరు వల్ల బయటపడింది. మొదటి అంతస్తులో పిల్లలకు టైపు నేర్పే పెద్దాయన. ఓనరుకు భవనమంతా ఖాళీ చేయించి ఒక కంపెనీకి ఇవ్వాలని బుద్ధి పుట్టింది. నీళ్ళు ఆపాడు, మెట్ల మీద దీపాలు పీకించాడు. అద్దె వివాదాల కార్యాలయంలో ఫిర్యాదు నమోదైతే, విచారణ అయ్యేదాకా ఎవర్నీ కదిలించకూడదు. ఫిర్యాదు ఇంటర్నెట్‌లోనే పెట్టాలి. టీచరు ఒక సాయంత్రం ఆ సైటు తెరిచి ఫారం చదువుకున్నాడు, మర్నాడు నింపుదామనుకున్నాడు. పొద్దున్నే మెట్ల మీద ఓనరు ఎదురై, "ఏం టీచరుగారూ, అద్దె కార్యాలయం సైటు బాగుందా?" అన్నాడు. ఆ మధ్యాహ్నానికి టీచరు గదికి కొత్త తాళం పడింది. ఆయన టైపు మిషన్లు వీధిలో వానకు తడిశాయి.

అప్పుడు తెలిసింది. ఎవరి ఫోను ఏ సైటుకు వెళ్ళిందో ఆ పెట్టె రాసి పెడుతుంది. లోపల ఏం మాట్లాడామో దానికి తెలియదు గానీ, ఏ గుమ్మం తొక్కామో తెలుస్తుంది. ఓనరు రోజూ టీ తాగుతూ ఆ జాబితా చదువుకుంటాడట.

తర్వాతి వంతు మాదే. నెలాఖరుకల్లా షాపు ఖాళీ చేయమన్నాడు. ఇరవై రెండేళ్ళ షాపు!

"షాపులో ఫోను సిగ్నల్ రాదు, వాటాలోనూ అంతంతమాత్రమే. బస్టాండు దగ్గర నెట్ సెంటరుకెళ్ళి ఫిర్యాదు పెడదాం అత్తా," అన్నాను.

"అక్కడ కూర్చునేది ఎవరు?"

"ఓనరు బావమరిది," అన్నాను నాలుక కరుచుకుని.

"అది కాకపోయినా నేను వెళ్ళను. నా గదిలో కూర్చుని నా పని నేను చేసుకోవడానికి దొంగలా ఊరవతలికి పోవాలా? ఆయన కళ్ళు కప్పే దారేదో ఉంటుంది. కనుక్కో."

కనుక్కున్నాను. వీపీఎన్ అంటారు. ఫోను నుంచి ఒక సొరంగం లాంటిది వేస్తారు. సొరంగం మొదలు ఓనరు పెట్టెకు కనపడుతుంది, ఎక్కడ పైకి తేలుతున్నామో కనపడదు. నేను సంబరంగా ఒకటి ఫోనులో వేసుకున్నాను. ఉచితం. కోటిమంది వాడుతున్నారట, ఐదు నక్షత్రాలట. ఇదంతా అత్తకు వివరించి, శభాష్ అంటుందని చూశాను.

అత్త సూదిలో దారం ఎక్కిస్తూ, "అయితే ఇన్నాళ్ళూ ఓనరు చూసేవన్నీ ఇకమీదట ఆ సొరంగం వాడు చూస్తాడు. అంతేగా?" అంది.

నేను ఆ ఐదు నక్షత్రాల వంక మళ్ళీ చూసుకున్నాను.

"వాడెవడే?"

"తెలీదు అత్తా."

"వాడికి కూలి ఎవరిస్తారు?"

"ఉచితం కదా."

"ఊరికే కుట్టిపెడతానన్న దర్జీ గుడ్డలో మిగుల్చుకుంటాడే పిచ్చిమొహమా. ఇది పెట్టేటప్పుడు నిన్నేం అడిగింది?"

ఫోను తీసి చూపించాను. నా ఫొటోలు చూడటానికి, నా పరిచయస్తుల నంబర్లు చదవడానికి అనుమతి అడిగింది. నేను అన్నిటికీ సరే అని నొక్కాను. "సొరంగం తవ్వేవాడికి నా చుట్టాల నంబర్లెందుకు?" అంది అత్త. కింద సన్నక్షరాల్లో ఉన్నది కళ్ళజోడు పెట్టుకుని నాచేత చదివించింది. మేం వెళ్ళే చోట్ల వివరాలు 'నమ్మకమైన భాగస్వాములతో' పంచుకుంటారట. పెనం మీంచి పొయ్యిలో పడటమంటే అదే. అప్పటికప్పుడు పీకి పారేశాను. నా తెలివితక్కువతనానికి నాకే ఒళ్ళు మండింది.

ఆ పైన పది రోజులు మా షాపులో కుట్టుపనితో పాటు ఇదే పని. ఈ వెతుకులాట ఓనరు జాబితాలో పడితే పడనీ, అద్దె కార్యాలయం పేరు పడకపోతే చాలు అంది అత్త. మొదట 'పది ఉత్తమ వీపీఎన్‌లు' అని వరస కట్టిన సైటు దొరికింది. మొదటి మూడు స్థానాల కంపెనీలనూ ఆకాశానికెత్తింది. అత్త ఆ సైటు ఎవరిదో చూడమంది. వెతగ్గా వెతగ్గా తేలింది, సైటుకీ ఆ మూడు కంపెనీలకీ ఒకే యజమాని. "వంటవాడే లేచి వంట బాగుందని చప్పట్లు కొట్టాడు," అంది. ఆ మూడూ పోయాయి. యజమాని ఎవరో చెప్పని కంపెనీలు రెండుంటే అవీ పోయాయి. "మొహం చూపించనివాడికి నా మొహం ఎందుకు చూపించాలి?" బయటివాళ్ళను పిలిచి లోపలంతా తనిఖీ చేయించుకుని, ఆ నివేదికను అందరికీ చూపించినవి మూడు మిగిలాయి.

మూడింటికీ ఒకే ఉత్తరం రాయమంది. ఒక్క ప్రశ్న చెప్పింది: "రేపు అధికారం ఉన్నవాడొకడు మీ తలుపు తట్టి నా గురించి అడిగితే, ఇవ్వడానికి మీ దగ్గర ఏముంటుంది?"

మొదటి కంపెనీ నిమిషంలో జవాబిచ్చింది. మాది సైన్యం వాడే స్థాయి రక్షణ, ఈ రోజే చేరితే తగ్గింపు. ప్రశ్నకు జవాబు లేదు. రెండోది, మాతో ఉంటే ప్రపంచంలో ఎవరూ మిమ్మల్ని కనుక్కోలేరు, నూటికి నూరుపాళ్ళు హామీ అంది. మూడోది నాలుగు రోజులు పలకలేదు. అయిదో రోజు పదే వాక్యాలు వచ్చాయి. మీరు ఎక్కడెక్కడికి వెళ్ళారో మేం రాసిపెట్టుకోం. ఒకసారి కోర్టు కాగితంతో వచ్చి అడిగారు, ఇవ్వడానికి మా దగ్గర లేదు. కానీ మీ ఈమెయిలు, మీరు చందా కట్టిన వివరం మా దగ్గర ఉంటాయి, చట్టప్రకారం అడిగితే అవి ఇవ్వక తప్పదు. మీరు పేరు చెప్పి లోపలికి వెళ్ళిన సైటుకు మీరెవరో తెలుస్తుంది. మీ ఫోనులోనే ఎవరైనా ఏదైనా పెట్టి ఉంటే మేం ఏమీ చేయలేం.

నా ఉత్సాహం నీరుగారిపోయింది. "ఇదేంటత్తా, అన్నీ చేతకానివే చెప్తున్నాడు!"

అత్త మొహం మాత్రం వెలిగిపోయింది. "ఉతికితే ఈ గుడ్డ రెండంగుళాలు కుంచించుకుపోతుందని కొనకముందే చెప్పే కొట్టువాడు ఎంతమంది ఉంటారే? వీడి దగ్గరా పలకుంది. ఏది తుడుస్తాడో, ఏది తుడవడో కూడా చెప్పాడు. వీణ్ణే పెట్టు."

ఒక్క నెలకే చందా కట్టించింది. కొత్త దర్జీకి ఒక జత ఇచ్చి చూస్తాం గానీ ఏడాది బట్టలన్నీ మోసుకెళ్ళి ఇవ్వం కదా అంది. సొరంగం తెగితే ఇంటర్నెట్ కూడా ఆగిపోయే మీట ఒకటుంటే అది వేయించింది. అది మంచిదైంది. నేను ఫిర్యాదు ఫారం సగం నింపేసరికి సొరంగం తెగింది. పేజీ ఉన్నచోటే ఆగిపోయింది, ఒక్క ముక్క కూడా ఓనరు పెట్టెలోకి జారలేదు. మళ్ళీ కలిసింది, పూర్తి చేశాను. నమోదు నంబరు వచ్చింది. అత్త దాన్ని పలక మీద ఒక మూల రాసింది. ఆవిడ అన్నాళ్ళు తుడవకుండా ఉంచుకున్న అంకెలు జీవితంలో అవే.

నోటీసు చేతికందేదాకా ఓనరుకు వాసన తగల్లేదు. అది అందిన తర్వాత ఆయన మెట్ల మీద మా వంక చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. నాకు పండగలా ఉండింది, ఎందుకు దాచాలి?

విచారణకు అధికారిణి ముందు ఇటు మేమిద్దరం, అటు ఓనరు ఒక లావుపాటి ఫైలుతో కూర్చున్నాం.

"ఈవిడ పైకి కనిపించేంత అమాయకురాలు కాదు మేడమ్. ఏదో గూడుపుఠాణీ నడుపుతోంది. చూడండి," అని కాగితాలు పరిచాడు. "మొన్నమొన్నటిదాకా అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఇదిగో, మోకాళ్ళ నొప్పుల సైటు. ఇది దారాల కంపెనీ. ఇదేమో ఈవిడ మేనకోడలు చూసే రెండో పెళ్ళి సంబంధాల సైటు, వారానికి నాలుగు సార్లు. ఆ తర్వాత ఉన్నట్టుండి అంతా ఒకే చోటికి, ఎవరో రహస్యం కంపెనీకి! ఏం దాస్తున్నారో అడగండి."

ఆ సైటు సంగతి అత్తకు కూడా చెప్పలేదు నేను. నలుగురి ముందు నన్ను విప్పి నిలబెట్టినట్టనిపించింది. అత్త నా వంక చూడలేదు. బల్ల కింద నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

అధికారిణి కళ్ళజోడు సర్దుకుంది. "ఇవన్నీ మీ దగ్గరికెలా వచ్చాయి?"

"మన పెట్టే కదా మేడమ్. నా భవనంలో ఆకు కదిలినా నాకు తెలుస్తుంది."

"ఈవిడ ఫిర్యాదులో రాసిన టైపు టీచరుగారివి కూడా ఉన్నాయా?"

"ఉన్నాయి మేడమ్. అందరివీ ఉన్నాయి," అన్నాడు గర్వంగా. వెతికి మరీ ఆ పేజీ తీశాడు. టీచరు అద్దె కార్యాలయం సైటు తెరిచిన తేదీ, గంట, నిమిషంతో సహా. గదికి తాళం పడ్డ తేదీకి ముందురోజు. తన గొయ్యి అంత శ్రద్ధగా తవ్వుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అధికారిణి ఫైలు తన వైపు లాక్కుంది. అప్పటికి ఓనరుకు ఏదో తేడా కొట్టింది. గొంతు పెంచాడు. "తప్పు చేయనివాళ్ళకి దాపరికం ఎందుకండీ? అది చెప్పమనండి!"

అత్త లేచి నిలబడింది.

"మా షాపులో ఒక తెర ఉందయ్యా. ఇరవై రెండేళ్ళల్లో వందల మంది దాని వెనక్కి వెళ్ళారు. ఒక్కరూ తప్పు చేయలేదు. బట్టలు మార్చుకున్నారు. ఆ తెర తీసేయమంటావా? నీ ఇంటి ఆడవాళ్ళే దాని వెనక ఉన్నారనుకుని చెప్పు, తీసేయమంటావా?"

ఆయన ఫైలు కోసం చెయ్యి చాచాడు, అధికారిణి దాన్ని వదల్లేదు. షాపు మాకు ఉండిపోయింది. ఆ ఫైలు పుణ్యమా అని టీచరు గది ఆయనకు తిరిగొచ్చింది. పెట్టె వ్యవహారంలో ఓనరు మీద వేరే కేసు పడింది.

మరుసటి వారం ఒక మధ్యాహ్నం కిటికీలో ఒక జత చెప్పులు ఆగాయి. అత్త చూసింది, ఎవరివో మొదటిసారి చెప్పలేకపోయింది. లోపలికొచ్చింది ఓనరు భార్య. చేతిలో లేతాకుపచ్చ గుడ్డ. తనే కొనుక్కుందట. అత్త ఏమీ అడక్కుండా ఆవిణ్ణి తెర వెనక్కి తీసుకెళ్ళింది. నేను బయట గుండీలు కుడుతున్నాను.

"అక్కా," అంది ఆవిడ చాలా మెల్లగా. "మీరు పెట్టుకున్నది నా ఫోనులో కూడా పెడతారా? నన్నయితే ఆయన ఇరవై ఏళ్ళుగా చదువుతున్నాడు."

తెర వెనక టేపు విప్పిన చప్పుడైంది.

"నేను పెట్టకూడదమ్మా. నేను పెడితే నువ్వు నన్ను నమ్మాలి. ఎలా ఎంచుకోవాలో చెప్తాను, నువ్వే ఎంచుకో. ముందు ఆ ఫోను ఎవరు కొనిచ్చారు?"

"ఆయనే."

"అయితే ముందు ఫోను మార్చాలి. చెయ్యెత్తు, భుజం చూడాలి."

అత్త బయటికొచ్చి పలక అందుకుంది. ఫిర్యాదు నంబరు ఇంకా దాని మీదే ఉంది. తడిగుడ్డతో తుడిచేసి, ఆవిడ కొలతలు రాయడం మొదలుపెట్టింది.