వేలికి తొడిగిన బూటు

నయా రాయపూర్‌లో ఇప్పుడు పెద్ద పెద్ద ఆఫీసులు లేచిన వైపు ఒకప్పుడు రోడ్లు మాత్రమే ఉండేవి, ఊరు ఇంకా రాలేదు. లారీలు వరసగా పక్కపక్కన పోయేంత వెడల్పు రోడ్డు, దాని నడుమ దర్జాగా పడుకున్న ఒక ఆవు, అంతే. ఆ రోడ్డు పక్క గడ్డి మైదానంలో ఆదివారాలు మా ఆయన సముద్రపు గాలం విసిరేవారు. సముద్రమేమో అక్కడికి ఒక రైలు ప్రయాణం దూరం. చూసినవాళ్లు నవ్వుకునేవారు. నాకు మాత్రం ఆయన విసిరిన ప్రతిసారీ ఊపిరి ఆగినట్టుండేది.

ఎందుకో తెలియాలంటే ముందు ఆయన వేలి సంగతి చెప్పాలి.

మా రెండు వైపులవాళ్లదీ శ్రీకాకుళం. ఆయన రాయపూర్‌లో రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు. మాట తక్కువ మనిషి. డ్యూటీ నుంచి వచ్చి, చేతులు కిరోసిన్‌తో కడుక్కుని, టీ తాగి, గోడకి ఆనుకుని కూర్చునేవారు. పెళ్లయిన కొత్తలో నేనీయనకి నచ్చలేదు కాబోలు అనుకుని కుమిలిపోయాను. ఆ ఏడు రైల్వే పాసు తీసుకుని నన్ను వాళ్ల అప్ప, అంటే అక్క ఇంటికి, సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి తీసుకెళ్లారు. అక్కడ ఇసుకలో కాలు పెట్టేసరికి మనిషి మారిపోయాడు. ఏ గాలికి ఏ చేప ఒడ్డుకొస్తుందో చెప్తాడు, చిన్నప్పుడు పడవ కింద నిద్రపోయి అందరినీ ఏడిపించిన సంగతి చెప్తాడు, నన్ను వెక్కిరిస్తాడు, పాట కూడా పాడతాడు! రాయపూర్ తిరిగొస్తే మళ్లీ గోడ, మళ్లీ టీ. ఆ సెలవుల మొగుడి కోసమే నేను ఏడాదంతా కాచుకుని ఉండేదాన్ని.

ఒడ్డు మీంచి గాలం వేయడం చెరువులో వేసినట్టు కాదు. మనిషి కంటే రెండింతల పొడవు కర్ర, దానికి రీలు, దారం చివర సీసం గుండు. దారాన్ని చూపుడు వేలి మడతలో పట్టుకుని, కర్రని వెనక నుంచి ఒక్క ఊపున తెచ్చి, సరైన క్షణంలో వేలు వదలాలి. అప్పుడు గుండు అలలు దాటి పడుతుంది. గుండు బరువంతా ఆ ఒక్క వేలి మీదే. సన్నటి నైలాన్ దారం కత్తిలా కోస్తుంది. ఆయన వేలికి ఎప్పుడూ ఒక గాటు ఉండేది. పసుపు అద్దుకుని మళ్లీ విసిరేవారు.

తరవాత ఆయనకి షుగరొచ్చింది. ఒక ఏడు సముద్రం దగ్గర పడ్డ గాటు రాయపూర్ వచ్చినా మానలేదు. వేలు వంకాయలా ఉబ్బింది. డాక్టరమ్మ కోసి, శుభ్రం చేసి, కట్టు కట్టి, హిందీలో నెమ్మదిగా నాకు చెప్పింది. ఈసారికి వేలు దక్కింది, మళ్లీ అక్కడే తెగితే తీసేయాల్సి రావచ్చని.

ఇంటికొచ్చాక అన్నాను, "ఇంక గాలం బంద్. విన్నారా?"

"సరే" అన్నారాయన.

వాదిస్తారనుకున్నాను. కోప్పడతారనుకున్నాను. ఆ ఒక్క మాట అని, కర్రని పాత దుప్పటిలో చుట్టి మంచం కింద పెట్టేశారు. ఆ చలికాలం పాసు తీయలేదు. అడిగితే, "ఎల్లి ఏటి సేస్తాను?" అన్నారు. వేలు దక్కించుకున్నాను సరే, ఆ మాటలాడే మనిషి ఎక్కడికి పోయాడు? ఎదురుగా గోడకి ఆనుకుని ఉన్నాయనని చూస్తూ రోజూ ఇదే ఆలోచన.

నేను చదివింది తక్కువే గాని కుట్టు వచ్చు. క్వార్టర్స్‌లో అందరి జాకెట్లూ నా మిషను మీదే. ఒకరోజు పాత జీన్స్ గుడ్డతో వేలికి తొడుగు కుట్టి ఆయన ముందు పెట్టాను.

"ఏటిది?"

"ఏలికి. దారం దీని మీద పడతాది, సర్మం మీద కాదు."

ఆయన తొడుక్కుని, దారం చుట్టి గట్టిగా లాగారు. గుడ్డ నలిగింది, కింద చర్మం మీద ఎర్రగా గీత పడింది. "గుడ్డ ఆగదే" అని తీసి ఇచ్చేశారు. అయితే చేతిలో కాసేపు తిప్పి తిప్పి చూసి మరీ ఇచ్చారు. అది చాలు నాకు. ఆయన పాత డ్యూటీ బూట్లలో లేసుల కింద ఉండే తోలు నాలుక కోశాను. తోలు కుట్టబోయి మిషను సూదులు విరిచాను, చివరికి మైనం పూసిన దారంతో చేత్తోనే కుట్టాను. దారం ఆనేచోట రెండు పొరలు. మణికట్టుకి కట్టుకునే పట్టీ, విసిరినప్పుడు జారిపోకుండా.

ఆ ఆదివారం దుప్పటిలోంచి కర్ర బయటికొచ్చింది.

స్కూటరు మీద నేను వెనక కూర్చుని, ఆ కర్రని జెండాలా నిలబెట్టి పట్టుకుంటే, శంకర్ నగర్ సిగ్నల్ దగ్గర అందరూ మమ్మల్నే చూశారు. మైదానంలో నన్ను బాగా ఎడంగా, కరెంటు స్తంభం దగ్గర నిలబెట్టేవారు. గుండుకి ఎర్ర గుడ్డముక్క కట్టాను, ఎక్కడ పడిందో కనపడడానికి. విసిరే ముందు ప్రతిసారీ ఆయన వెనక్కి తిరిగి చూసి, "అడ్డు నేదు కదా?" అని అరిచేవారు. "నేదు, ఇసరండి!" అని నేను అరిచేదాన్ని. దారం తెగితే ఆ సీసం గుండు తుపాకీ గుండుతో సమానం. ఆ భయం ఆయనకి ఎప్పుడూ ఉండేది.

ఒకరోజు మేకలు కాసుకునే ఒక పెద్దాయన చాలాసేపు చూసి దగ్గరికొచ్చాడు. "కా కరత్ హవ్ భయ్యా? ఇహా త పానీ నయి హే!" అన్నాడు. ఇక్కడ నీళ్లే లేవు కదా, ఏం చేస్తున్నారని.

"ప్రాక్టీస్ హై, కాకా" అన్నారు మా ఆయన.

"త ఛేరీ ఫంసాహూ కా?" మరి మేకని పడతారా, అని తన మందని ఇవతలికి తోలుకున్నాడు. మా ఆయన నవ్వారు. రాయపూర్‌లో అలా పైకి నవ్వడం నేనెప్పుడు చూశానో గుర్తు లేదు.

ప్రతి ఆదివారం గుండు ముందటి వారం కంటే దూరం పోయింది. నొప్పి భయం పోయేసరికి ఒళ్లంతా వాడి విసురుతున్నాడు మనిషి. ఇంటికొచ్చాక తొడుగు తీసి వేలు చూసేదాన్ని. గీత కూడా లేదు. పాసు తీశాం.

ఒడ్డున మా వదిన, అంటే ఆయన అప్ప, ఆ తొడుగు చూసి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏటిరా తమ్ముడా, ఏలికి బూటేసినావు? కాలికేటి తొడుగుతావు, ఉంగరమా?"

"నీ మరదలు కుట్టీసింది, దాన్నే అడుగు."

"ఒలే పిల్లా, రాయపూర్ల సముద్రం నేదని సెప్పి మొగుడికి బూట్లు కుడతన్నావా?"

అందరం నవ్వాం. మొదటిసారి గుండు అలలు దాటి పడింది. రెండోసారి విసరబోతే దారం వేలి దగ్గర పట్టేసి, గుండు ఎదురుగా ఇసుకలో దబ్బున పడింది. మూడోసారి బలంగా ఊపారు. టప్‌మని తెగింది దారం. గుండు పక్కకి పోయి, ఒడ్డుకి లాగి పెట్టిన పడవని కొట్టింది. ఆ పడవ దగ్గర ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. వదిన నోట నవ్వు ఆగిపోయింది.

ఆయన తొడుగు విప్పి జేబులో పెట్టుకున్నారు. కొత్త గుండు కట్టి, దారాన్ని వట్టి వేలికి తగిలించారు. సరిగ్గా ఆ పాత మచ్చ మీద.

పరుగెత్తి మణికట్టు పట్టుకున్నాను. "ఒద్దండి."

"ఒక్కసారే."

"ఆ డాక్టరమ్మ ఏటన్నాదో మర్సిపోయారేటి?"

"మర్సిపోనేదు. ఇంత దూరమొచ్చి సూత్తూ కూసోమంటావేటే?" అన్నారే గాని, కర్ర కింద పెట్టారు.

జేబులోంచి తొడుగు తీశాను. తడిసి, నానిన చింతపండులా మెత్తబడి ఉంది. అప్పుడు వెలిగింది నాకు. రాయపూర్‌లో దారం పొడి, తోలు పొడి. ఇక్కడ దారం సముద్రంలో మునిగి వస్తోంది, ఆ ఉప్పు నీళ్లకి తోలు ఉబ్బి దారాన్ని కరుచుకుంటోంది. సముద్రం కోసం కుట్టినదాన్ని మేమిద్దరం ఒక్కసారైనా బకెట్లో ముంచి చూడలేదు!

నా చేతిసంచి రెగ్జిన్‌ది, నున్నగా ఉంటుంది. వర్షంలో నీళ్లు దాని మీద నిలవవు. వదిన దగ్గర బ్లేడు అడిగి, సంచి మూత కోశాను.

"కొత్త సంచిలాగున్నాది కదే!" అంది వదిన.

"ఉండనీ వదినా, సూది కూడా ఇయ్యి."

ఇసుకలో కూర్చుని, తోలు మీద రెగ్జిన్ ముక్కని నున్నటి వైపు పైకి ఉంచి కుట్టాను. ఈసారి ముందు నేనే అలల్లోకి వెళ్లి తొడుగునీ దారాన్నీ బాగా తడిపి, నా వేలికి పెట్టుకుని లాగి చూశాను. సబ్బు మీద జారినట్టు జారింది. ఆయన వేలికి తొడిగి పట్టీ కట్టాను.

ఆయన వెనక్కి చూశారు. "అడ్డు నేదు కదా?"

"నేదు!" అన్నాం నేనూ వదినా ఒకేసారి.

గుండు ఎంత దూరం పోయిందో నాకు తెలియదు, ఎండలో కళ్లు చెదిరాయి. రీలు మాత్రం చాలాసేపు పాడుతూనే ఉంది. "అయ్యబాబోయ్" అంది వదిన. నేను ముందు ఆయన దగ్గరికి వెళ్లి తొడుగు లాగి వేలు చూశాను. కాస్త ఎర్రబడింది. అంతే.

ఆ రోజు ఒక్క చేప కూడా పడలేదు. వదిన బజార్లో కొని వండింది. ఎవరికీ బాధ లేదు.

తిరుగు రైల్లో రాయగడ దగ్గర కొండలు మొదలయ్యేచోట ఆయన ఎప్పుడూ కిటికీ వైపు తిరిగిపోయేవారు, ఇంక మాట ఉండేది కాదు. ఈసారి కొండలు వెళ్లిపోయాయి, టిట్లాగఢ్ వెళ్లిపోయింది. ఆయన గుండు బరువు గురించి, గాలి గురించి, వచ్చే ఏడు తొడుగు బొటనవేలి వైపు ఇంకాస్త పొడుగు పెట్టాలని, చెప్తూనే ఉన్నారు. మధ్యాహ్నపు ఎండకి నాకు కళ్లు మూతలు పడుతున్నాయి.

"కాసేపు ఊరుకోండి బాబూ, నిద్రొస్తన్నాది" అన్నాను.

అని, ఆయన నిజంగా ఊరుకుంటారేమోనని భయపడి, మళ్లీ కళ్లు తెరిచి, "ఊఁ, సెప్పండి" అన్నాను.