ఆదిబాబు కట్టిన ఎర్ర తువ్వాలు

మా కద్మా పేట కుర్రాడు ఆదిబాబుకు భూగోళంలో ఏనాడూ ముప్పై అయిదు మార్కులు దాటలేదు. నేను చెప్పిన పాఠమే లెండి. ఇప్పుడు ఆదిత్యపూర్‌లో ఇనప రేకులు నొక్కే ప్రెస్సుల షెడ్డులో మంచి ఫిట్టర్. కొత్త మిషను పని నేర్చుకురమ్మని యజమాని వాణ్ని ఇటలీ పంపాడు. బస మోంటెసార్నో అనే కొండ ఊళ్లో.

అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన మెత్తరాయి మీద ఉందా ఊరు. రాయి కింద బంకమన్ను. వానకు మన్ను జారుతుంది, పైన రాయి విరుగుతుంది. మూడువందల ఏళ్ల కిందట భూకంపానికి సగం ఊరు లోయలో పడింది. బయల్దేరే ముందు ఇదంతా చెబితే వాడు ఆవలించాడు.

అక్టోబరులో ఒకనాడు సాయంత్రం నాలుగింటికి వాళ్లమ్మ భద్రమ్మ ఫోను పట్టుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. వీడియోలో ఆదిబాబు, వెనక వాన. అక్కడ మధ్యాహ్నం. వాడుండే ఇంటి గోడ బీటవేసింది. షెడ్డు పునాదులకు చేసినట్టే బీట మీద అడ్డంగా గాజుముక్క అతికించాడట. ఇందాకే అది విరిగింది, అంటే బీట ఇంకా విచ్చుకుంటోంది. ఫైరింజను వాళ్లు రావడానికి గంట పడుతుంది. ఇంటి ముసలావిడ కదలనంటోంది. నాలుగువందల ఏళ్ల ఇల్లు గాజుముక్కకు బెదురుతుందా అందట.

"బీట లోయవైపేనా?" అన్నాను.

"లోయవైపే మాస్టారూ."

అంటే ఇల్లు జారుతోంది. వాణ్నే అడిగాను. "షెడ్డులో అయితే ఏటి సేత్తావురా?"

"మిషను ఎవులూ ముట్టుకోకుండా ఎర్ర ట్యాగు కడతాం. కట్టినోడే ఇప్పాల."

"మరి కట్టు."

తన ఎర్ర తువ్వాలు తలుపు గడియకు కట్టి, ఎదుటి చర్చి పై మెట్టు మీద ఫోను ఆనించి, కింద మెట్టు మీద వానలో కూర్చున్నాడు. అంతటితో ఆవిడ బయటికొస్తుందా? భద్రమ్మ ఫోను లాక్కుంది.

"ఆవిడ నిన్ను బువ్వకి పిలిత్తాది. లోపలికెల్లకు. కొడుకు బువ్వకి రాపోతే నానైతే కంచమట్టుకుని ఈదిలోకొచ్చేత్తాను."

ఆవిడ రెండుసార్లు పిలిచింది. వాడు రానని తల అడ్డంగా ఊపాడు. తలుపు మూసుకుంది. భద్రమ్మ నా కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎంతసేపో తెలియదు.

తలుపు తెరుచుకుంది. మూతపెట్టిన గిన్నె, చెంచా, గొడుగు, తిట్లు. వీధి దాటి వచ్చి వాడి ఒళ్లో గిన్నె పెట్టింది. వాడు ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆవిడ గింజుకుంటూనే ఉంది.

అప్పుడు పెద్ద చప్పుడు. తెరంతా తెల్లటి దుమ్ము. భద్రమ్మ కొడుకు పేరు పిలుస్తూనే ఉంది.

దుమ్ము అణిగింది. ముందు గోడ, తలుపు, ఎర్ర తువ్వాలు నిలబడే ఉన్నాయి. తలుపు సందులోంచి గదులు కాదు, ఆకాశం కనిపిస్తోంది. ఆవిడ అటు చూసింది. తర్వాత గిన్నె మూత తీసి, చెంచా వాడి చేతిలో పెట్టింది.

"తినీరా," అంది భద్రమ్మ. "సల్లారిపోతాది."