పంక్చర్ల కుర్రాడికి గొంతిచ్చినవాడు

మా అన్నయ్యకు నలభై దాటినా గొంతు మాత్రం పదహారేళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఫోన్ ఎత్తితే అవతలివాళ్ళు "బాబూ, ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా" అని అడుగుతారు. ఆ గొంతే మాకు అన్నం పెట్టింది. డబ్బింగ్ స్టూడియోలో అతన్ని అందరూ పిల్లగొంతు అంటారు. పరాయి భాష సినిమాల్లో హీరో తమ్ముడు, వెనక బెంచీ అల్లరివాడు, కథ మొదలవగానే చచ్చిపోయే కుర్రాడు, అందరూ మా అన్నయ్యే. బట్టతలతో, కళ్ళజోడు పెట్టుకుని మైకు ముందు నిలబడి "టీచర్, వీడు నన్ను గిల్లాడు" అంటుంటే చూసి తీరాలి. ఒకసారి అమ్మను తీసుకెళ్తే నవ్వలేక కుర్చీలో కూలబడింది.

ఇన్నేళ్ళకు హీరోకు గొంతిచ్చే అవకాశం వచ్చింది. ఇద్దరు మగపిల్లల ప్రేమకథ. ఒకడు సైకిల్ షాపులో పనిచేస్తాడు. వాణ్ణి చూడటానికి రెండోవాడు తన టైరుకు తనే మేకు గుచ్చుకుని, రోజూ సైకిల్ నెట్టుకుంటూ వస్తాడు. అన్నయ్య గొంతిచ్చింది వీడికే. సినిమా సగం నవ్వులే. చివరికి దొరికిపోయి, అందరి ముందూ ఒప్పుకుంటాడు. "పంక్చర్లన్నీ నేనే చేశాను. నువ్వంటే నాకు ప్రేమ. నీ దగ్గరికి ఇంకెలా రావాలో తెలియలేదు."

ఆ మాటలు రాసిన రచయిత సామాన్యుడు కాదు. తెర మీద పెదాలు ఎక్కడ మూతపడితే అక్కడ ప, బ, మ పడేలా రాయడంలో అతన్ని మించినవాడు లేడు. ఏళ్ళ తరబడి ఆదివారం భోజనం మా ఇంట్లోనే. అతనూ అన్నయ్యా ఒకరికొకరు ఏమవుతారో నాకు తెలుసు. అమ్మకు మాత్రం చెప్పలేదు.

చెబుదామని అన్నయ్య నోరు తెరిచిన ప్రతిసారీ కూర బాగుందనో, ఫ్యాన్ చప్పుడు చేస్తోందనో అని ఊరుకునేవాడు. ఊళ్ళోవాళ్ళందరి మాటలూ పలుకుతాడు కానీ సొంత మాటకు నోరు పెగలదు. అందుకే అమ్మను ఈ సినిమాకు తీసుకెళ్తానన్నాడు.

"ముందు నా గొంతులో వింటుంది కదా. బయటికొచ్చాక, అది నా మాటేనమ్మా అంటాను. అంతే."

ఈ సంగతి మా ఇద్దరికే చెప్పాడు, నాకూ రచయితకూ. రచయిత అతని భుజం తట్టి "నేను పక్కనే ఉంటాగా" అన్నాడు. నా చెవులారా విన్నాను.

మధ్యాహ్నం ఆటకు అమ్మతో కలిసి ముగ్గురం వెళ్ళాం. కుర్రాడు మేకు గుచ్చిన ప్రతిసారీ అమ్మ "వీడి అసాధ్యం కూలా" అని నవ్వింది. చివరి సన్నివేశం రాగానే అన్నయ్య ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"పంక్చర్లన్నీ నేనే చేశాను. నువ్వు నాకు తోడబుట్టినవాడితో సమానం. నాకు అన్నదమ్ములెవరూ లేరు," అన్నాడు తెర మీది కుర్రాడు.

ఆ ఒక్కచోట మాత్రం గొంతు అన్నయ్యది కాదు. అన్నయ్యలా పలికిన రచయితది. అన్నయ్య చెయ్యి వదిలేశాడు.

నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. పైగా ఆ అబద్ధం కుర్రాడి పెదాలకు అతికినట్టు సరిపోయింది, ఒక్క అక్షరం కూడా జారలేదు. అలా కుదరాలంటే ఎంతసేపు కూర్చుని, ఎన్ని మాటలు మార్చి చూసుకోవాలో అన్నయ్యకు తెలుసు. హడావిడిలో చేసిన పని కాదది.

ఆట అయ్యాక అమ్మ మంచినీళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు రచయిత హాలు మెట్ల మీద ఎదురయ్యాడు.

"నిర్మాత వినలేదు, ఆ మాట మార్చాల్సిందే అన్నాడు. ఎవడో పరాయివాడు చెప్పేకంటే నేనే నయం కదా అని..."

"మొన్న ఆదివారం కూడా వచ్చావు. తిన్నావు. ఒక్క మాట చెప్పలేదు," అన్నాడు అన్నయ్య.

రచయిత తల దించుకున్నాడు. "చెబితే సినిమా మానేసి ఇంట్లోనే చెప్పేస్తావు. అప్పుడు నా పేరు కూడా బయటికొస్తుంది."

అదీ అసలు సంగతి. నిర్మాత ఒక వంక మాత్రమే. చెంప పగలగొట్టాలనిపించింది నాకు. ఈలోగా అమ్మ వచ్చి "మంచి మాటలు రాశావు బాబూ" అంది. అతను దండం పెట్టి జారుకున్నాడు.

బస్టాపులో అన్నయ్య ఎలాగో ధైర్యం కూడదీసుకున్నాడు. "అమ్మా, చివర్లో నేను చెప్పిన మాట అది కాదు. మార్చేశారు."

అమ్మ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"తెలుసురా. నీ గొంతు నాకు తెలీదా? తెర మీద ఆ కుర్రాడేమనబోయాడో కూడా తెలుసు. నీ సంగతి ఎన్నాళ్ళ నుంచో తెలుసు. అక్కడ మాట మారాకే నా ప్రాణం కుదుటపడింది." అతని చొక్కా కాలరు సరిచేసింది. "ఇప్పుడు నువ్వు మళ్ళీ అనకు నాన్నా."

అన్నయ్య తలూపాడు. బస్సు రాగానే ఆవిణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. పక్క సీటు ఖాళీగానే ఉన్నా, తను వెళ్ళి వెనక నిలబడ్డాడు.