నూనె కలిపావట్రా, బావా?

ఇలా దగ్గరికి జరగండి. గడప మీద కాదు, ఈ చాప మీదికి రండి. చేతిలో పనుంటే దాన్ని కూడా తెచ్చుకోండి. చేతులు ఆడుతుంటేనే చెవులు బాగా వింటాయని మా అమ్మ అనేది. నేనూ చింతపండు గింజలు తీస్తూనే చెబుతాను. ఇది మా అన్నయ్య మాట, మా ఆయన మాట, వాళ్ళిద్దరి మధ్య ఉండిన ఒక పాత మోటారుసైకిలు మాట.

అన్నయ్య, మా ఆయన ఒక ఈడువాళ్ళు. నన్ను మా ఆయనకి ఇవ్వకముందే ఇద్దరూ ముసునూరు రోడ్డులో ఒకే షెడ్డులో మెకానిక్ పని నేర్చుకున్నారు. తర్వాత షెడ్డు అన్నయ్యకి మిగిలింది. తోటలకి మందు కొట్టే స్ప్రేయర్లు, ఊళ్ళో పాత బండ్లు అన్నీ ఆయన చేతికే వచ్చేవి. మా ఆయన మామిడి తోటల కాపు కొనే పనిలోకి దిగారు. పెళ్ళయ్యాక వరస కలిసింది కాబట్టి ఆయనకి ఈయన బావ, ఈయనకి ఆయన బావ. కానీ ఆ బావ ముందు ‘ఒరేయ్’ లేకుండా వాళ్ళ నోట ఎప్పుడూ వచ్చేది కాదు.

కుర్రతనంలో ఇద్దరూ కలిసి కొనుక్కున్న సెకండ్‌హ్యాండ్ బండి అది. ఇప్పటి బండ్లలాంటిది కాదు. దానికి పెట్రోలు ట్యాంకు వేరు, నూనె ట్యాంకు వేరు. నూనె ట్యాంకులోంచి ఒక పైపు చిన్న పంపులోకి వస్తుంది. పంపులోంచి ఇంకో సన్న పైపు ఇంజనులోకి వెళుతుంది. నడుస్తున్నంతసేపూ ఆ సన్న పైపు చుక్క చుక్కగా ఇంజనుకి నూనె తాగిస్తుంది. తోటల ఇసక దారుల్లో తిప్పీ తిప్పీ, ఆ ఇంజను ఎన్నిసార్లు విప్పారో, ఎన్నిసార్లు బిగించారో. ప్రతిసారీ మా వాకిట్లోనే, గోనెపట్టా పరుచుకుని.

"ఒరేయ్ బావా, ఆ నట్టు మీద నీకేమన్నా పాత పగుందట్రా? అలా బిగిస్తున్నావు!"

"నీ చేతికిస్తే చింతలపూడి దాకా రాల్చుకుంటూ పోతావు. మొన్న రాల్చలా?"

"అమ్మాయ్, మీ ఆయనకి అన్నం పెట్టడం మానెయ్యవే. బలం ఎక్కువై మరలు తెంపుతున్నాడు."

నేను లోపల్నుంచి నవ్వుకునేదాన్ని.

ఇంజను బిగించాక ఒక చిక్కుంటుంది. వాళ్ళ మాటల్లో వినీ వినీ నాకు కంఠతా వచ్చింది. కొత్తగా వేసిన పైపుల్లో నూనె ఉండదు, గాలి ఉంటుంది. పంపు దాకా ఉన్న గాలిని ఒక చిన్న మర వదులు చేసి తీసెయ్యొచ్చు. బుడగలన్నీ పోయి నూనె చుక్క శుభ్రంగా రాలగానే మళ్ళీ బిగించాలి. కానీ పంపు నుంచి ఇంజనుకి పోయే సన్న పైపు నిండాలంటే ఇంజను కాసేపు తిరగాలి. నూనె లేకుండా ఇంజను తిరిగితే పిస్టన్ కాలి పట్టేస్తుంది. అందుకని మొదటిసారి పోసే పెట్రోల్లోనే కాస్త నూనె కలుపుతారు. బాలింతకి పాలు పడేదాకా బిడ్డ నోరు దేంతోనో తడిపినట్టే, ఆ పైపు నిండేదాకా ఈ కలిపిన నూనే ఇంజనుని కాపాడాలి.

కాబట్టి కిక్కు కొట్టేముందు వాళ్ళిద్దరికీ ఒక తంతు ఉండేది.

"నూనె కలిపావట్రా, బావా?"

"కలిపాను."

"ఒట్టు?"

"నీ చెల్లెలి మీదొట్టు."

"దాని మీదెందుకురా, నీ మీద వేసుకో! డబ్బా ఊపావా?"

"ఊపానురా, కావాలంటే వాసన చూడు!"

అన్నయ్య వాసన చూసేవాడు కూడా. వేలు ముంచి రెండు వేళ్ళ మధ్య జిగురు చూసుకుని, అప్పుడు కిక్కు కొట్టేవాడు. వాకిలంతా తెల్లటి పొగ కమ్మేది. నేను తిట్టుకుంటూ ఆరేసిన బట్టలు తీసేదాన్ని. బండి ఎప్పుడూ పట్టెయ్యలేదు.

అలాంటివాళ్ళ మధ్యకి ‘గారు’ వచ్చి కూర్చుంది. ఎలాగంటే, అన్నయ్య షెడ్డు వెనకే ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి ఆయనా వదినా చుట్టాలందరి ఇళ్ళకీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచారు. మా ఇంటికి మాత్రం ఫోను చేశాడు. "ఒరేయ్ బావా, ఎల్లుండి పాలు పొంగిస్తున్నాం. నువ్వు తెల్లారకముందే వచ్చి షామియానావాళ్ళ సంగతి చూడు" అన్నాడు. తన ఇంట్లో తనకి పిలుపేమిటి, బావకి పిలుపేమిటి అని ఆయన లెక్క.

ఆ సమయానికి మా ఆయన మేనత్త మా ఇంట్లో ఉంది. వక్క నవులుతూ, "ఇంటల్లుణ్ణి ఫోన్లో పిలుస్తార్రా? అదీ షామియానా కట్టడానికా? అందరికీ బొట్టు, నీకు పనా?" అంది. ఆవిడ ఆ మాట అనేసి ఊరెళ్ళిపోయింది. మాట మాత్రం మా ఆయన అరికాల్లో ముల్లులా ఉండిపోయింది. గృహప్రవేశానికి వెళ్ళారు గాని, భోజనాల వేళకి వెళ్ళారు. చివరి బంతిలో కూర్చుని తిని, చెయ్యి కడుక్కుని వచ్చేశారు. తెల్లవారుజాము నుంచీ గేటువైపు చూస్తూ కూర్చున్న అన్నయ్యకి కడుపు మండింది. మేనత్త అన్న మాట కూడా ఎవరో ఆయన చెవిన వేశారు.

మర్నాడు అన్నయ్య, వదిన కొత్తబట్టల్లో, పళ్ళెంలో పళ్ళూ కుంకుమభరిణా పెట్టుకుని వచ్చారు. అన్నయ్య వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడి, "బావగారూ, పిలుపులో లోటు జరిగిందటండీ. తమరు ఒకసారి మా ఇంటికి దయచెయ్యాలి" అన్నాడు. అందులో సగం కోపం, సగం వేళాకోళం. మా ఆయన అప్పుడు ఫక్కుమని నవ్వి ఉంటే అక్కడితో అయిపోయేది. ఆయన నవ్వలేదు. "అంతమాటెందుకండీ బావగారూ, కూర్చోండి" అన్నారు.

అంతే. కొట్టుకున్నది లేదు, తిట్టుకున్నది లేదు. రాకపోకలూ ఆగలేదు. మర్యాద పెరిగింది, మనుషులు దూరమయ్యారు. వాళ్ళిద్దరూ ఎదురుపడి "బాగున్నారాండీ" అంటే "బాగున్నామండీ" అనుకుంటుంటే నా ప్రాణం ఉసూరుమనేది. తిట్టుకునే మగవాళ్ళ మధ్య ఆడది అడ్డుపడొచ్చు. మర్యాద చేసుకునేవాళ్ళని ఏమని విడదీస్తాం, ఏమని కలుపుతాం?

బండి మా సావిట్లో పట్టా కింద పడి ఉంది. ఇంజను చెడింది, పైపులు ఎండి పగిలాయి. వాళ్ళిద్దరి చేతులూ మళ్ళీ ఒక గోనెపట్టా మీద పడితే పాత నోళ్ళు తెరుచుకుంటాయని నాకు ఆశ పుట్టింది. ఇటు ఆయన్ని, "బండి అలా తుప్పు పడుతుంటే చూడలేకపోతున్నానండీ" అని పోరాను. అటు అన్నయ్యకి ఫోను చేసి, "ఆవకాయ పెడుతున్నాను, అన్నానికి రా. వచ్చేప్పుడు స్పానర్లు తెచ్చుకో" అన్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ రోజు నేను కాయ కొడుతున్నానన్న మాటేగాని చెవులన్నీ వాకిట్లోనే ఉన్నాయి.

"బావగారూ, ఆ పది నంబరు స్పానరు ఇలా ఇప్పిస్తారా?"

"తీసుకోండి బావగారూ."

"మీకు ఎండ తగులుతున్నట్టుంది. ఇటు జరగండి."

"పర్లేదండీ, మీరు కూర్చోండి."

కత్తిపీట ముందు నాకు ఏడుపొచ్చింది. అయినా చేతులు మాత్రం పాత చేతులే. ఒకరు చెయ్యి చాపకముందే రెండోవారు సామాను అందిస్తున్నారు. కొత్త పైపులు వేశారు. మా ఆయన పంపు దగ్గర మర వదులు చేసి, బుడగలు పోయేదాకా వంగి చూసి, బిగించారు. అన్నయ్య సన్న పైపు ఇంజనుకి తొడిగాడు. పెట్రోలు డబ్బా లోపల్నుంచి మా ఆయన తెచ్చారు. ట్యాంకులో అన్నయ్య పోశాడు. పక్కనే నూనె డబ్బా ఉంది. ఇద్దరూ నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు ఆ ‘ఒరేయ్’ వస్తుంది అని నేను కాయ వదిలేసి గుమ్మంలోకి వచ్చాను.

"కొట్టమంటారా బావగారూ?"

"కానివ్వండి."

మా ఆయన కిక్కు కొట్టారు. బండి అందుకుంది. వాకిట్లో పొగ లేదు. ఆరేసిన బట్టలు తియ్యాల్సిన పనే పడలేదు. "ఒకసారి తోటదాకా చూసొద్దామా" అని మా ఆయన అంటే, అన్నయ్య వెనక ఎక్కాడు. ఎక్కి, జారకుండా మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చూసి నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

మలుపు తిరిగాక కూడా బండి చప్పుడు వినబడుతూనే ఉంది. ఉన్నట్టుండి కీచుమని ఆగిపోయింది.

చెరో పక్కా పట్టుకుని తోసుకుంటూ వచ్చారు. ఇద్దరి మొహాలూ చెమటలు కారుతున్నాయి. పిస్టన్ పట్టేసింది. పెట్రోల్లో నూనె ఎవరూ కలపలేదు. ఇప్పుడైనా తిట్టుకోండిరా, కొట్టుకోండిరా అని నా లోపల ఒకటే గోల.

"పొరపాటు నాదేనండీ, బావగారూ" అన్నారు మా ఆయన.

"అయ్యో, మీదెందుకవుతుందండీ. నాదే" అన్నాడు అన్నయ్య.

చేతులు కడుక్కున్నాడు. కొత్తావకాయ కలిపిన అన్నం పెడతానన్నా వినలేదు. "ఆకలిగా లేదమ్మా. వస్తానండీ" అని స్పానర్లు సర్దుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత మా ఆయన్ని అడిగాను. "ఆయన మెకానిక్. కలిపారా అని నేనడిగితే అనుమానించినట్టుండదూ?" అన్నారు. అన్నయ్యని ఫోన్లో అడిగాను. "డబ్బా లోపల్నుంచి మీ ఆయనే తెచ్చారు కదమ్మా. కలపకుండా తెస్తారా, అల్లుడుగారిని అలా ఎలా అడగను?" అన్నాడు. అడిగితే బండి బతికేది. మునుపు మూడుసార్లు అడిగేవాళ్ళు.

ఆ ఏడు తొలకరి పడ్డాక, స్ప్రేయరు విప్పుతూ విప్పుతూ అన్నయ్య గుండె పట్టుకుని పక్కకి ఒరిగాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే ప్రాణం పోయింది.

చావుకి పిలుపులుండవు కదండీ. ఎవరూ బొట్టు పెట్టరు, పళ్ళెం పట్టరు. వినగానే పరుగెత్తడమే. మా ఆయన చెప్పులు కూడా వేసుకోలేదు. కొత్తింటి వరండాలో అన్నయ్యని పడుకోబెట్టి ఉంటే, వెళ్ళి ఆ పక్కన కూలబడి, మోకాలి మీద చెయ్యి వేసి కదిపారు.

"ఒరేయ్ బావా! పిలవకుండానే వచ్చానురా. చూడరా."

అక్కడున్నవాళ్ళంతా గొల్లుమన్నారు. నేను మాత్రం అన్నయ్య మొహం చూస్తూ ఉండిపోయాను. ఆ మాట కోసం అంతకాలం చూసిన మనిషి, అది వినే వేళకి లేడు.

పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకి మా ఆయన బండి మీద పట్టా తీశారు. సాయానికి ఎవరినీ పిలవలేదు. కాలిన పిస్టన్ తీసి వేరేది వేశారు. మళ్ళీ కొత్త పైపులు తొడిగారు. మర వదులు చేసి, బుడగలు పోయేదాకా కూర్చున్నారు. నూనె చుక్క రాలాక బిగించారు. పెట్రోలు డబ్బాలో నూనె పోసి, బాగా ఊపి, ట్యాంకులో పోశారు. అన్నీ నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. అంతా అయ్యాక కిక్కు మీద కాలు పెట్టి ఆగిపోయారు. తొక్కరు, దిగరు. ఎదర గోనెపట్టా మీద రెండో మనిషి కూర్చునే చోటు వైపు చూస్తున్నారు.

ఆయన దేనికి ఆగారో నాకు అర్థమైంది. ఆ మాట ‘అండీ’ పెట్టి అడిగేది కాదు. పెళ్ళయిన నాటి నుంచి ఆయన్ని మీరు అనడం తప్ప ఎరగను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గుమ్మం దిగి వెళ్ళి అడిగాను.

"నూనె కలిపావట్రా, బావా?"

ఆయన తల తిప్పలేదు.

"కలిపానురా."

"ఒట్టు?"

"నీ చెల్లెలి మీదొట్టు."

కిక్కు తొక్కారు. బండి పలికింది. వాకిలంతా తెల్లటి పొగ కమ్మింది. తీగ మీద బట్టలు అలాగే ఉండనిచ్చాను. బండి మీద ఆయన వెనక చోటు ఖాళీగానే ఉంది. సన్న పైపు నిండేదాకా, ఇద్దరం ఆ చప్పుడు వింటూ నిలబడ్డాం.

ఇదిగో, చింతపండు అయిపోయింది. ఇంక లేవండి, మీ ఇళ్ళల్లో మీకోసం చూస్తుంటారు. మీ ఇల్లు పచ్చగా ఉండాలి. మీవాళ్ళు మిమ్మల్ని పిలుపులు లేకుండా రమ్మనాలి, మీరు పిలవకుండానే పోవాలి. చేశావా, తిన్నావా, కలిపావా అని మొహమాటం లేకుండా గదమాయించి అడిగే నోరు మీ గడపలో నూరేళ్ళు చల్లగా ఉండాలి.