ఓడ భోజనానికి నీలి గౌను

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ ఆయన అరంగుళం. కొత్త కోటు కుట్టించుకోవడానికి వచ్చినా, పాత ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చినా, మెడలోంచి టేపు తీసి కొలిచి, కళ్ళద్దాల పైనుంచి మనిషిని ఒకసారి ఎగాదిగా చూసి, "అరంగుళం వదులుదాం" అనేవాడు. ఎందుకయ్యా అంటే, "నేను పరగడుపున కొలిచాను, మీరు తిన్నాక వేసుకుంటారు" అనేవాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఆయన మీద అలిగి వేరే దర్జీ దగ్గరికి వెళ్ళినవాళ్ళు, ఆర్నెల్లు తిరిగేసరికి పొట్ట దగ్గర గుండీ పట్టక మళ్ళీ ఆయన గడపే తొక్కేవారు.

వీధి వైపు గది కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు. ముప్ఫై అయిదేళ్ళుగా ఆయనది కత్తెర, ఆయన భార్యది సూది. కాజాలు, గుండీలు, అంచు మడతలు అన్నీ ఆవిడ చేతిమీదుగానే పోయేవి. ఆయన కొలతలు పైకి చెబుతుంటే ఆవిడ పొడుగాటి పుస్తకంలో రాసేది. ఆ పుస్తకంలో ఇంట్లోవాళ్ళకీ తలో పేజీ ఉంది. ఆవిడ కాస్త ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. "నా గౌను గుడ్డతో ఇద్దరు పిల్లలకి చొక్కాలు వస్తాయి" అని తనమీద తనే వేళాకోళం చేసుకునేది. అలా నవ్వగలిగిన మనిషికే జబ్బు చేసింది.

ఏడాది పాటు ఆస్పత్రి, మందులు, మళ్ళీ ఆస్పత్రి. ఒకరోజు డాక్టరు ఆయన ఒక్కణ్ణే వరండాలోకి పిలిచాడు. మందు పనిచేయడం లేదనీ, ఈ ఏడాది దాటడం కష్టమనీ, ఆవిడ్ని సంతోషంగా ఉంచమనీ అన్నాడు. చావు కబురు చల్లగా చెప్పడమంటే ఏమిటో ఆయనకి ఆరోజు తెలిసింది. లోపలికి వచ్చి ఆవిడతో, "బాగానే ఉందట. మందు కొనసాగించమన్నాడు" అన్నాడు. అది మొదటి అబద్ధం. ఏ మొగుడైనా ఆడేదే, దానికి ఆయన్ని తప్పుపట్టే పని లేదు.

రెండోది అలాంటిది కాదు. ఆ వారమే ఒక పొద్దున ఆవిడ బూడిదరంగు గౌను వేసుకుంటే అది భుజం మీద నిలవకుండా జారింది. ఆవిడ అద్దం ముందు చాలాసేపు నిలబడింది. ఆ పూట గిన్నె ముట్టుకోలేదు. ఆస్పత్రిలో వేసే తూకాన్ని ఆవిడ ఎప్పుడూ లెక్కచేయలేదు. నర్సు అంకె రాసుకుంటుంటే అటు తల తిప్పేది కాదు. "జోళ్ళతో సహా వేసే తూకానికి విలువేంటి? దర్జీ పెళ్ళాన్ని, నా బట్టలే నాకు తూకం" అనేది. అలాంటిది ఇప్పుడు ఆ బట్టలే ఎదురు తిరిగాయి.

మధ్యాహ్నం మందు వేసుకుని ఆవిడ పడుకున్నాక, దర్జీ ఆ గౌను కొట్టులోకి తీసుకుపోయి పక్కల వదులు లోపలికి పట్టేశాడు. భుజాలు లోపలికి జరిపాడు. పాత కుట్టు మీద ఎలా కూర్చుందో అలాగే కూర్చోబెట్టాడు, పైకి ఏమీ తెలియదు. మర్నాడు ఆవిడ వేసుకుంది, సరిపోయింది. అటూ ఇటూ తిరిగి చూసుకుని, "చూశారా, రెండు రోజులు సరిగా తినేసరికి ఒళ్ళు పట్టింది" అంది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది. ఆ రెండు ముద్దల కోసం ఆయన ఇంకో గౌను పట్టాడు. తర్వాత ఇంకోటి. ఆవిడ తగ్గుతుంటే బట్టలూ తగ్గుతూ వచ్చాయి. బట్టలు ఉతకడం, మడతపెట్టడం కూడా ఆయనే నెత్తిన వేసుకున్నాడు, ఆవిడ లోపలి కుట్లు చూడకుండా. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా.

ఇందులో చెడ్డేముంది అనుకోవచ్చు. చెడ్డ ఉంది. ఆవిడకి ఒక చెల్లెలుంది. పదకొండేళ్ళ క్రితం వాళ్ళమ్మ పోయినప్పుడు, ఆ పిల్ల హోటల్లో పని మధ్యలోంచి పరుగెత్తుకొచ్చింది, ఒంటిమీద హోటలువాళ్ళిచ్చిన ఎర్రటి కోటు, మెడలో రంగుల రుమాలు. గుమ్మంలోనే అక్క నిలదీసింది. "ఈ వేషంలోనా అమ్మని చూడ్డానికొచ్చేది?" అంది. చెల్లెలు గుమ్మం దాటకుండా వెనక్కి తిరిగింది. అంతే, మళ్ళీ మాటల్లేవు. తప్పు తనదేనని అక్కకి తెలుసు. జబ్బు చేశాక వెళ్ళి కలవాలని చాలాసార్లు అంది. కానీ, "ఈ వాలకంతో వెళితే జాలిపడి మాట్లాడుతుంది. అలా వద్దు. కాస్త ఒళ్ళు చేశాక, మనిషిలా ఉన్నప్పుడు వెళతాను" అనేది. దర్జీ ఆ మాట వినేవాడు. విని, కొట్టులోకి వెళ్ళి మిషను తొక్కేవాడు.

అలాంటప్పుడు కూతురు ఓడ సంగతి తెచ్చింది. అమ్మానాన్నల పెళ్ళయి ముప్ఫై అయిదేళ్ళు, అమ్మకి ఒళ్ళు కుదుటపడుతోంది, అందరం కలిసి మూడు రాత్రులు సముద్రం మీద గడుపుదాం అంది. టికెట్లు కూడా తీసేసింది. డాక్టరు మాట కూతురికీ చెప్పలేదాయన. అమ్మ మొహం పీక్కుపోయిందని కూతురు చూసింది. అయినా, వచ్చిన ప్రతిసారీ గౌను ఒంటికి అతికినట్టు ఉండేసరికి, మొహమే గానీ మనిషి నిలబడే ఉందనుకుంది. ఆయన కుట్టు ఇద్దరి కళ్ళకీ ఒకేసారి గంతలు కట్టింది.

ఓడవాళ్ళు పంపిన కాగితంలో రాత్రి భోజనానికి సాదా దుస్తులు చాలని ఉంది. కోట్లు, టైలు అక్కర్లేదు, కానీ ఈత బట్టలతోనూ, చెప్పుల్లేకుండానూ రాకూడదట.

"సాదా అంటే ఏంటండీ? ఇంట్లో వేసుకునేవా, బజారుకి వేసుకునేవా?" అని ఆవిడ అడిగింది.

"బజారువే. కానీ ఇంట్లో ఉన్నంత సుఖంగా ఉండాలి."

"అంటే కొత్తవి కాకూడదు, పాతవిలా కనిపించకూడదు. ఇంతకంటే పెళ్ళికి వెళ్ళడం నయం."

ఆవిడ మాటా నిజమే. దర్జీని అడిగితే చెబుతాడు, కోటు కింద సగం తప్పులు దాగుతాయి, సాదా గుడ్డ కింద ఏదీ దాగదు. ఆయన మూడు రాత్రులకి మూడు గౌన్లు ఎంచి, మూడూ మరో అరంగుళం పట్టి, తనే పెట్టెలో సర్దాడు. ఓడ దిగేదాకా గండం గడిచినట్టే అనుకున్నాడు.

మొదటి సాయంత్రం వాళ్ళు గదిలో తయారవుతుంటే కూతురు తలుపు తట్టింది. చేతిలో కాగితం పొట్లం. "అమ్మా, ఇవాళ ఇది వేసుకోవాలి. మా ఊళ్ళో కుట్టించాను, నాన్నకి కూడా చెప్పలేదు" అంది. ముదురు నీలం నూలు గౌను, మోచేతుల దాకా చేతులు. భోజనానికి అంతకంటే తగిన గుడ్డ దొరకదు. దర్జీ చూపు దాని నడుం వెడల్పు మీద పడింది.

"కొలతలెక్కడివే?" అన్నాడు.

"పుస్తకంలోవే, అమ్మ పేజీలోంచి రాసుకున్నా. నేనూ మీ అల్లుడూ పైన బల్ల దగ్గరుంటాం, వచ్చెయ్యండి" అంటూ వెళ్ళిపోయింది.

దర్జీ కూతురు గనకే ఆ పొరపాటు చేసింది. ఇంకొకరైతే అమ్మని నిలబెట్టి కొలిచేవారు.

"అది రేపు వేసుకో. ఇవాళ బూడిదరంగుది తీసిపెట్టాను" అన్నాడు దర్జీ.

"పిల్ల ముచ్చటపడి తెస్తే రేపంటారేంటి?" అని ఆవిడ నీలి గౌను తీసుకుని స్నానాల గదిలోకి వెళ్ళింది. ఎంతకీ బయటికి రాలేదు. వచ్చాక తలుపుకున్న అద్దం ముందు నిలబడింది. గౌను మెడ ఒక పక్కకి జారి భుజం ఎముక కనిపిస్తోంది. నడుం దగ్గర గుడ్డ రెండు పిడికిళ్ళకి వస్తుంది. ఆవిడ తనని తాను మూడు నెలల తర్వాత మొదటిసారి చూసుకుంది.

దర్జీ నోరు తెరిచేలోపే ఆవిడ మంచం మీది బూడిదరంగు గౌను తీసుకుని లోపలి వైపు తిరగేసింది. ముప్ఫై అయిదేళ్ళు కుట్లు చూసిన కళ్ళు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పక్క కుట్టు మీద వేలు పెట్టి, పాత సూది రంధ్రాల వరసలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"నాలుగు సార్లు" అంది.

ఆయన పెట్టెలోని మిగతా గౌన్ల వైపు చూశాడు.

"అన్నీ ఇంతేనా?"

"అన్నీ."

"ఎప్పట్నుంచి?"

"మూడు నెలల్నుంచి."

"డాక్టరు నిజంగా ఏమన్నాడు?"

ఆయన చెప్పాడు. వరండాలో విన్నది విన్నట్టు, మాట తగ్గించకుండా చెప్పాడు. ఆవిడ మంచం అంచున కూర్చుంది. ఏడవలేదు. గౌను ఒళ్ళో పెట్టుకుని అంది, "మంచి ఒంటితో దానికి కనపడాలనుకున్నాను. మీరు నాకు మంచి ఒళ్ళు కుట్టిపెట్టారు. ఇంకా టైముంది, ఇంకా టైముంది అని కూర్చున్నాను."

"నువ్వు తింటున్నావు కదా అని..." అన్నాడాయన.

"తిన్నాను. నిజమే. తినిపించారు."

ఆ మాట తిట్టుకంటే కష్టంగా తగిలింది. ఆయన జేబులోంచి సూదీ దారం తీశాడు. ఆయనకి తెలిసిన పని అదొక్కటే. "ఇలా ఇవ్వు, పక్కన రెండు టాకాలేస్తాను. పది నిమిషాలు పట్టదు. ఇలా ఎలా వస్తావు అందరిలోకి?"

"వద్దు. ఇంక నన్ను కుట్టకండి."

అలాగే బయల్దేరింది. ముప్ఫై అయిదేళ్ళలో అంత తప్పుగా కూర్చున్న బట్ట ఆయన ఎదుట గుమ్మం దాటడం అదే మొదలు.

భోజనాల హాలులో ఎవరూ వాళ్ళ వంక చూడలేదు. పూల చొక్కాలవాళ్ళు, మోకాళ్ళ దాకా లాగులవాళ్ళు, ఎండకి కమిలిన మొహాలు, అందరూ ప్లేట్ల హడావిడిలో ఉన్నారు. కూతురు మాత్రం చూసింది. లేచి నిలబడింది. "అమ్మా, వాడు కొలత తప్పినట్టున్నాడు..."

"తప్పలేదే. పుస్తకంలో ఉన్నట్టే కుట్టాడు. నేనే ఆ కొలతలో లేను." ఆవిడ కుర్చీలో కూర్చుని జారిన మెడని పైకి లాక్కుంది. "మీ నాన్న చెబుతారు విను."

ఆయన రెండోసారి చెప్పాడు. సూపు చల్లారిపోయింది. అల్లుడు గ్లాసు మీంచి చెయ్యి తియ్యలేదు. కూతురు ఏడుస్తూనే, "నాకైనా చెప్పొచ్చు కదా నాన్నా" అంది. ఎన్నిసార్లంది! ఆయన జాలిపడి చేశాడు, భయపడి చేశాడు, ఆవిడ పోవడం తను చూడలేక చేశాడు. ఆవిడ కోసం చేశానని అనుకున్నాడు గానీ అందులో సగం తన కోసమే. ఆ సంగతి ఆ బల్ల దగ్గర, అందరి ముందూ, ఆయనకే తెలిసింది.

ఆవిడ కాస్త రొట్టె తుంచుకుని నోట్లో పెట్టుకుంది. కూతుర్ని ఏడవనిచ్చింది. తర్వాత, "పిన్నికి ఫోన్ చెయ్యి. ఓడ దిగే రోజు రేవుకి రమ్మను. అక్క రమ్మంది అని చెప్పు. ఇంకేం చెప్పకు" అంది.

మర్నాడు ఓడ ఆగిన చోట సిగ్నల్ దొరికింది. కూతురు మాట్లాడి వచ్చి, వస్తానందని మాత్రం చెప్పింది. మిగిలిన రెండు రాత్రులూ ఆవిడ ఆ నీలి గౌనే వేసుకుని భోజనానికి వెళ్ళింది. దర్జీ ఆవిడ పక్కనే కూర్చున్నాడు. ఆ గుడ్డ వైపు చూడకుండా ఉండడం నేర్చుకోవడానికి ఆయనకి ఆ రెండు రాత్రులూ పట్టాయి.

నాలుగో రోజు పొద్దున రేవు కిటకిటలాడుతోంది. అల్లుడు, కూతురు సామాన్ల వరసలో నిలబడ్డారు. దర్జీ, భార్య ఒక బెంచీ దగ్గర ఆగారు. చెల్లెలు వచ్చింది. జుట్టు నెరిసింది గానీ నడక అదే, పిట్ట నడక. కళ్ళతో జనాన్ని వెతుక్కుంటూ వస్తోంది. ఒడ్డూ పొడుగూ ఉన్న ఆడవాళ్ళ మొహాల్లోకే చూస్తోంది. బెంచీ ముందు నుంచే వెళ్ళిపోయింది.

దర్జీ పిలవబోయి చెయ్యెత్తాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

చెల్లెలు వరస చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. మళ్ళీ అదే దారిన వచ్చింది. ఈసారి బెంచీకి రెండడుగుల దూరంలోంచి వెళ్ళింది. నీలి గౌను మీదుగా చూపు పోయింది, ఆగలేదు.

"ఏమే పొట్టీ, కళ్ళు కనిపించడం లేదా?" అంది అక్క.

ఆ గొంతు మాత్రం ఏమీ తగ్గలేదు. చెల్లెలు గిరుక్కున తిరిగి, ముందు అక్క వెనక ఎవరున్నారా అని చూసింది. తర్వాత చూపు నీలి గౌను మీదికి వచ్చి ఆగింది. దగ్గరికి వచ్చి, అక్క నడుం చుట్టూ చేతులు వేసింది. చేతులు అనుకున్నచోట ఆగకుండా లోపలికి, ఇంకా లోపలికి వెళ్ళాయి. అప్పుడు, "అక్కా" అంది.

చెల్లెలి భుజం మీదుగా ఆవిడ భర్త వైపు చూసింది.

"మూడు నెలల ముందైతే గుర్తుపట్టేది" అంది, కోపం లేకుండానే.

దర్జీ అవునన్నాడు.