ఫకీర్ సాబ్ చాపిన కాలు

ధర్మవరంలో పాత పరుపు ఉన్న ప్రతి ఇంటికీ ఫకీర్ సాబ్ తెలుసు. వాకిట్లో కూర్చుని, గడ్డకట్టిన దూదిని విప్పి, ఏకి, ఎండబెట్టి, కొత్త గుడ్డలో కూరి కుట్టి ఇస్తాడు. చేతులు ఆడినంతసేపూ నోరూ ఆడుతుంది. ఆయన కుట్టిన పరుపు మీద నిద్ర బాగా పడుతుందని ఊళ్లో పేరు. ఆయన కబుర్లు వింటే పరుపు లేకున్నా నిద్ర పడుతుందని భార్య రోషన్‌బీ అంటుంది.

పోయినేడు ఆ నోటికి ఒకటే కథ మిగిలింది.

పెనుకొండలో ఒక పెళ్లివారికి కొత్త పరుపు అప్పజెప్పడానికి మొపెడ్ మీద బయలుదేరాడు. చుట్టిన పరుపును వెనక అడ్డంగా కట్టి, దాని మీద రోషన్‌బీని అంబారీ ఎక్కించినట్టు ఎక్కించాడు. ఎర్రమంచి దగ్గర కుడివైపు పక్క రోడ్డులోకి తిరగాల్సి వచ్చింది. ఇండికేటరేమో పరుపు చాటున ఉంది. కుడిచెయ్యి తీస్తే బండి ఆగిపోతుంది. అందుకని ఆటోవాళ్ల లాగా కుడికాలు బారుగా చాపి సైగ చేశాడు. వెనక నుంచి కారులో వస్తున్న హిందూపురం చింతపండు వ్యాపారి ఉలిగప్ప సరిగ్గా ఆ కాలికే వచ్చి తగిలాడు.

రోషన్‌బీ పరుపుతో సహా కానుగచెట్టు నీడలో దిగింది. కొంగు కూడా జారలేదు. ఫకీర్ సాబ్ తారు మీద పడ్డాడు. మోకాటి కింది ఎముక రెండు ముక్కలైంది. నొప్పికి అరుస్తున్న ఆయన చెవిలో పడిన మొదటి మాట రోషన్‌బీదే, "నీ తప్పేనయ్యా!"

ఆ మాట ఎముక కంటే లోతుగా దిగింది. కాలికి కట్టు వేసినన్నాళ్లూ చూడవచ్చినవాళ్లందరికీ కథంతా చెప్పి, "నువ్వే చెప్పప్పా, తప్పెవరిది?" అని అడిగేవాడు. వచ్చినవాళ్లు మర్యాదకు "నీ తప్పేముందన్నా" అనేవాళ్లు. వెంటనే వంటింట్లోంచి, "వాళ్లేం చూసినారు? వెనక కూర్చున్నది నేను గదా!" అని వినిపించేది.

ఇక దీన్ని తేల్చగలిగింది కోర్టు ఒక్కటే అనుకున్నాడు. కట్టు విప్పగానే చేతికర్ర పట్టుకుని, రోషన్‌బీని వెంటబెట్టుకుని హిందూపురంలో లాయరు వాణి దగ్గరికి పోయాడు. ఆమె కాగితాలు చూసి, ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, తృప్తిగా తలూపింది.

"పెద్దాయనా, మీ పని సులభం. ఎముక విరిగినోళ్లకు ఇంత అని చట్టంలోనే ఉండాది. కారుకు ఇన్సూరెన్సు ఉండాది. తప్పెవరిదని ఎవరూ అడగరు."

ఫకీర్ సాబ్ ముఖం వాడిపోయింది. "అడగరా?"

"అడగరు."

"అడగకపోతే నేను చెప్పేదెట్లమ్మా? చెప్పడానికే గదా ధర్మవరం నుంచి రైలెక్కి వచ్చింది!"

"తప్పు తేల్చాలంటే వేరే సెక్షనుంది. దాంట్లో ఆలస్యం. పైగా రోడ్డు మీద కాలెందుకు చాపినావని వాళ్ల లాయరు అడుగుతాడు. ఏదో ఒకటే పట్టుకోవాల."

"ఇదే పట్టుకుంటామమ్మా," అంది రోషన్‌బీ. "ఈయప్ప తప్పును కోర్టు కూడా కప్పిపెడతానంటే మనకేం నష్టం?"

"కప్పిపెట్టేదానికి నేనేం చేసినానే?"

"మేడమ్ గారూ, చూసినారా? ఇంట్లో రోజూ ఇదే."

కాలు మడిచి కూర్చోలేక పనికి పోవడం లేదు కాబట్టి, ఫకీర్ సాబ్ మూలుగుతూనే ఒప్పుకున్నాడు. కానీ జడ్జిగారి ముందు ఎలాగైనా ఒక్క ముక్క చెప్పేయాలని మనసులో పెట్టుకున్నాడు. చెప్పాల్సిన మాటలు వాకిట్లో కట్టేసిన మేకకు కూడా వినిపించి చూసుకున్నాడు.

విచారణ రోజు రానే వచ్చింది.

"కాలు విరిగింది నిజమేనా?" అన్నారు జడ్జిగారు.

"నిజమే సార్. ఎట్ల విరిగిందంటే..."

వాణి దగ్గింది.

"అంటే, బండి పోతాంటే కుడిచెయ్యి తీయకూడదు గదా సార్..."

వాణి క్షయరోగిలా దగ్గింది.

"ఎట్ల విరిగిందో అక్కర్లేదు. ఆ కారు తగిలే విరిగింది కదా? చాలు," అన్నారు జడ్జిగారు. పరిహారం ఇవ్వమని ఇన్సూరెన్సు వాళ్లకు చెప్పి, ఇంకో కేసు పిలిపించారు.

ఫకీర్ సాబ్ గెలిచి కూడా ఓడినవాడి మాదిరి బయటికొచ్చాడు. కోర్టు ఎదురుగా టీ కొట్టు దగ్గర ఉలిగప్ప నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా ఫకీరన్నా, అయిపాయె గదా! దా, టీ తాగుదాం."

"టీ తర్వాత. నువ్వు చెప్పు, నా కాలు నీకు కనపడలేదా?"

"ఎందుకు కనపడలా? తిమ్మిరి పట్టి చాపుకుంటాండావనుకుంటి!"

"తిమ్మిరా? అంత నిటారుగా చాపితే తిమ్మిరంటావా?"

మాటలతో తేలేలా లేదని ఫకీర్ సాబ్ టీ కొట్టు బల్ల మీద కాళ్లు చెరోవైపు వేసి మొపెడ్ ఎక్కినట్టు కూర్చున్నాడు. ఉలిగప్పను కారుగా వెనక నిలబెట్టాడు. మధ్యలో రోషన్‌బీని కూర్చోబెట్టాడు. టీ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని గుండ్రంగా మూగారు. ఫకీర్ సాబ్ నోటితో బండి శబ్దం చేశాడు. ఉలిగప్ప హారను కొట్టాడు.

"ఇట్ల పోతాంటిమి. నువ్వేం చేసినావే?"

రోషన్‌బీ ఆవేశంలో ఉన్నదున్నట్టు చేసి చూపించింది. ఆయన వీపు మీద గట్టిగా పొడిచి, "ఆడ సీతాఫలాలు అమ్ముతాండారు, తిప్పు తిప్పు తిప్పు!" అంది.

ఫకీర్ సాబ్ కాలు టక్కున చాచుకుంది. ఉలిగప్ప దానికి తట్టుకుని ముందుకు తూలాడు.

రోషన్‌బీ పొడిచిన వేలు ఇంకా గాల్లోనే ఉంది.

టీ కొట్టాయన వడగిన్నె పక్కన పెట్టి తీర్పు చెప్పాడు. "అయితే తప్పు నీదేనమ్మా! నీ సీతాఫలాలకు పోయి ఆయన కాలు విరగ్గొట్టించినావు."

ఇన్ని నెలలుగా ఫకీర్ సాబ్ ఎదురుచూసిన మాట ఇదే. తీరా అది వచ్చాక, నలుగురి మధ్య తలవంచుకున్న భార్యను చూశాడు. ముఖం ఎర్రబడింది. బల్ల మీంచి కుంటుతూ లేచాడు.

"ఏమప్పా, ఎవర్ని పట్టుకుని మాట్లాడతాండావు? పండు తినాలనుకోవడం తప్పా? వెనకాముందూ చూసుకోకుండా కాలు చాపింది నేను. తప్పు నాది! నాదంటే నాది! ఇంకోసారి మా ఆడమనిషిని అన్నావంటే ఊరుకోను!"

రోషన్‌బీ మెల్లగా తలెత్తింది. కొంగు సర్దుకుంది. చుట్టూ ఉన్నవాళ్లందరినీ ఒక్కొక్కరినీ చూసింది.

"విన్నారు గదా అందరూ," అంది. "మొదట్నుంచీ నేను చెప్తాండేది ఇదే."